ఆలస్యంగా వచ్చేవాళ్ల నర్సు

బెతెల్ గ్యాప్ ఆసుపత్రి గేటు దగ్గర ఆ రోజు అందరికంటే పెద్దగా అరిచింది మిస్ ఐసీయే. ఆ సంగతి ఆమె ఇప్పటికీ దాచదు. తప్పే కావచ్చు, కానీ గొంతెత్తి చేసిన తప్పు. గోడచాటున గొణిగే రకం కాదు ఆమె.

ఫిబ్రవరి నెల. కొండ మీద మంచు తెర ఇంకా లేవలేదు. రక్తపోటు చూపించుకోవడానికి తెల్లవారుజామున ఐదింటికే వచ్చినా ఆమెకు దొరికింది పద్నాలుగో నంబరు చీటీ. కొండ కిందివాళ్లు నాలుగింటికే వచ్చి బల్లలు ఆక్రమించారు. డెబ్బై మూడేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిన మనిషి, కడుపులో కాఫీ చుక్క కూడా పడని మనిషి. తొమ్మిదింటికి గేటు మూస్తారు. ఆ తర్వాత బిషప్పు వచ్చినా చీటీ లేదు.

పదకొండు దాటాక గేటు బయట ఎవరో ఆడమనిషి బతిమాలుతోంది. రేకు గేటు కాబట్టి మనిషి కనిపించదు. మిస్ ఐసీకి కాస్త చెవుడు కాబట్టి గొంతు కూడా సరిగ్గా అందలేదు.

"తొమ్మిదింటికే మూసేశానమ్మా. గురువారం రా," అంటున్నాడు కాపలా ఉండే టుల్లక్.

"గురువారం కూడా పదకొండింటికే వస్తుందిలే!" అంది బల్ల మీది ఒకావిడ. అందరూ నవ్వారు.

మిస్ ఐసీ మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఆ గేటు తీశావో, టుల్లక్, నీ టోపీ లాక్కుపోయి మా కోడికి గూడు చేస్తా! మేం మనుషులం కామా? చీకట్లో లేచి చలిలో చస్తూ వచ్చాం. పక్క మీద పొర్లి పొర్లి పదకొండింటికి వచ్చే ఆ మహారాణిని ఎవత్తి కన్నదో గానీ, దాన్ననాలి ముందు!"

అప్పుడు లోపలి గదిలోంచి ఎలోరిన్ డేకర్స్ నర్సు బయటికి వచ్చింది. పొట్టి మనిషి. తెల్ల గౌను, మెడలో గొట్టం, చెవి వెనక పెన్ను. ఆమె నడుస్తుంటే చప్పుడు ఉండదు గానీ, ఆగితే మాత్రం అందరూ ఆగిపోతారు.

"గేటు తియ్యి, మాస్ టుల్లక్." ఆ కొండల్లో పెద్దవాళ్లని, పెళ్లయినా కాకున్నా, పేరుకి ముందు మాస్ అనో మిస్ అనో చేర్చే పిలుస్తారు.

"రూలు కదా, నర్సమ్మా..."

"రూలు రాసిన కాగితం నా గదిలో ఉంది. దాని కింద సంతకం నాది. తియ్యి."

బల్లలన్నీ ఒక్కసారిగా గోలెత్తాయి. నర్సు గోల అంతా వింది. అది కాస్త సద్దుమణిగాక అందరినీ వదిలి మిస్ ఐసీ వైపు తిరిగింది. "మిస్ ఐసీ, గేటు నుంచి నా గది దాకా నడవడానికి మీకు ఎంతసేపు పడుతుంది?"

"నా మోకాళ్ల సంగతి నీకు తెలీదా ఏంటి?"

"తెలుసు. కుంటుతున్నారని ఎప్పుడైనా మిమ్మల్ని గేటు బయట నిలబెట్టానా? ఆ బయట ఉన్నామెకి కుంటు కాల్లో లేదు, గడియారంలో ఉంది. ఆలస్యం కావడమే ఆమె జబ్బు. ఆ జబ్బు చూపించుకోవడానికి వేళకి రాగలిగితే ఇక నా దగ్గరికి రావడం దేనికి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సు గొంతు పెంచలేదు. "మీలో ఒక్కరి చీటీ కూడా వెనక్కి పోదు. రోజూ ముగ్గురిని నా భోజనం వేళలో చూస్తాను. ఒంటిగంటకి నేను తినే రొట్టె ముక్క కోసం నాతో పోట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేవండి."

ఎవరూ లేవలేదు. టుల్లక్ గేటు తీశాడు.

లోపలికి వచ్చింది డోరెట్. మిస్ ఐసీకి ఒక్కగానొక్క కూతురు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, జాకెట్టు తిరగేసి తొడుక్కుంది, ఒక చెప్పు పట్టీ ఊడి ఉంది, చేతిలో ఎందుకు తెచ్చిందో తనకే తెలియని ఖాళీ కేకు డబ్బా.

టుల్లక్ టోపీ సర్దుకున్నాడు. "ఎవత్తి కన్నదో అన్నారు కదా, మిస్ ఐసీ?"

"నోర్ముయ్యి," అంది మిస్ ఐసీ. కూర్చుంది. ఆ ఊళ్లో ఆమె మాట మధ్యలో మింగడం అదే మొదటిసారని జనం అంటారు. అది అబద్ధం, రెండోసారి. మొదటిసారి ఆమె పెళ్లిలో.

డేకర్స్ నర్సుది పక్క కొండే. తల్లి కర్రపెండలం రొట్టెలు కాల్చి బస్సుల దగ్గర అమ్మేది. నర్సు పెద్దాసుపత్రుల్లో పదిహేనేళ్లు రాత్రీ పగలూ చేసి, నలభై దాటాక మళ్లీ కింగ్‌స్టన్ వెళ్లి రెండేళ్లు చదివి, రోగిని పరీక్షించి మందు రాయగలిగే నర్సుగా తిరిగొచ్చింది. డాక్టరు వారానికి రెండు రోజులే కొండెక్కుతాడు. మిగతా రోజుల్లో పుట్టే పిల్లలకీ, తెగిన వేళ్లకీ, చక్కెర జబ్బులకీ అన్నిటికీ ఆమే. పేరుకి మాత్రం కొన్ని మందుల చీటీల మీద డాక్టరు సంతకం పడాలి. ఆ సంతకం కోసం ఆమె డాక్టరు కారుకి అడ్డంగా నిలబడిన రోజులున్నాయి.

వీటన్నిటి మధ్యా ఆమె చేరదీసేది ఒక రకం మనుషుల్ని. పొయ్యి మీద కుండ పెట్టి మరిచేవాళ్లు, పని మొదలుపెట్టి ముగించనివాళ్లు, మాట మధ్యలో లేచిపోయేవాళ్లు, నెలకో ఉద్యోగం పోగొట్టుకునేవాళ్లు. ఊరు వాళ్లని సోమరులంటుంది. నర్సు ఏడీహెచ్‌డీ అంటుంది, ధ్యాస ఒకచోట నిలవని జబ్బు. ఆమె తమ్ముడు లిన్వల్‌ని బడిలో కూర్చోలేడని బెల్టుతో కొట్టేవారు. వాడికి జబ్బుందని తనకి తెలిసేసరికి వాడికి ముప్ఫై నిండాయి, పదకొండు ఉద్యోగాలు పోయాయి. ఆ కథ ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ అడిగితేనే. జాలి కోసం కాదు. మిస్ ఐసీ నమ్మనందుకు.

అది చెప్పింది గేటు గొడవైన తర్వాతి ఆదివారం. చర్చి అయ్యాక నర్సు నేరుగా మిస్ ఐసీ ఇంటికి వచ్చి, ఉప్పుచేపా సీమపనసా తిని, చేతులు కడుక్కుని, పుస్తకం తీసింది.

"డోరెట్ చిన్నప్పటి సంగతులు కావాలి, మిస్ ఐసీ. ఏడెనిమిదేళ్లప్పటివి. ఇది పెద్దయ్యాక ఊడిపడే జబ్బు కాదు. అప్పుడు లేకపోతే ఇప్పుడూ లేనట్టే."

"ఏం చెప్పమంటావ్? నీళ్లు తెమ్మని పంపితే మేకపిల్లని తెచ్చింది."

"నీళ్లు?"

"బిందె కూడా తేలేదు. ఆ మేక ఎవరిదో కనుక్కోవడానికి నాకు రెండ్రోజులు పట్టింది."

గోడకానుకుని నిలబడ్డ డోరెట్ గట్టిగా నవ్వింది. "అది ఏడుస్తోందమ్మా!"

"అది ఏడిస్తే నువ్వు తెచ్చావ్. మనం దాహంతో ఏడిస్తే ఎవడు తెస్తాడు?" మిస్ ఐసీ నర్సు వైపు తిరిగింది. "మూడో తరగతితో నా చదువు అయిపోయింది. అయినా నా చేతిలో పని ఏనాడూ సగంలో ఆగలేదు. దీన్ని మంచి బళ్లో వేశాను. టీచర్లందరూ ఒకటే పాట, తెలివుంది, ధ్యాస లేదు. ధ్యాస తేవాలని కొట్టాను కూడా. అదీ రాసుకో. దాచను."

నర్సు రాసుకుంది, తల ఎత్తకుండా. తర్వాత అంది: "ధ్యాస లేక కాదు, మిస్ ఐసీ. ధ్యాసకి పగ్గం లేదు. పగ్గం లేని గాడిదని ఎంత కొట్టినా ఇంకా దూరం పరిగెత్తుతుంది."

"నా కూతుర్ని గాడిదంటున్నావా?"

"మీరు ముప్ఫై ఏళ్లుగా అంటున్నారు. నేను పగ్గం తెస్తానంటున్నాను."

మిస్ ఐసీకి ఆ జవాబు నచ్చింది. నచ్చిందని మాత్రం చెప్పలేదు. వెళ్లేటప్పుడు రెండు పెండలం దుంపలు సంచిలో వేసి ఇచ్చింది.

నర్సు తొందరపడే రకం కాదు. మూడుసార్లు పిలిచింది, బరువు చూసింది, రక్తపోటు చూసింది, గుండె పరీక్షకి పట్నం పంపింది, డాక్టరుతో మాట్లాడింది. ఏప్రిల్‌లో మాత్రలు మొదలయ్యాయి, ఉదయం తిన్నాక ఒకటి. అక్కడితో ఊరుకోలేదు. ఇంటికి వచ్చి డోరెట్ బీరువా తలుపులు రెండూ స్వయంగా ఊడదీసింది. "మూసి పెట్టింది నీకు లేనట్టే. అన్నీ కంటికి కనిపించాలి," అంది. దారాలు గాజు సీసాల్లోకి వెళ్లాయి. కత్తెరకి ఎర్ర రిబ్బను కట్టి కుట్టు మిషనుకే వేలాడదీశారు. గోడ మీద పళ్లెమంత గడియారం వచ్చింది. మిస్ ఐసీ ఆ తలుపు లేని బీరువాని చూసి, "దొంగలు పడ్డ ఇల్లులా ఉంది," అంది. కానీ ఆ నెలలో కుండ ఒక్కసారి కూడా మాడలేదు.

డోరెట్ చేతిలో కుట్టు ఉంది. అది చిన్నప్పుడు మెర్ల్ పిన్ని దగ్గర నేర్చుకున్నది. జులైలో బడి పెద్ద టీచరు మిసెస్ లెయింగ్ ఆ కుట్టు చూసి ముప్ఫై నీలం గౌన్లు కుట్టే పని ఆమె చేతిలో పెట్టింది, ఆడపిల్లల యూనిఫాంకి. ఒక షరతు కూడా పెట్టింది: "బడి తెరిచే ముందు శుక్రవారం మధ్యాహ్నానికి ముప్ఫయ్యీ నా బల్ల మీద ఉండాలి. లేకపోతే వచ్చే ఏడు నుంచి పట్నం షాపుకే."

డోరెట్ తల్లితో అంది: "ఇది కూడా పోగొట్టుకున్నానంటే ఇక మిషను ముట్టనమ్మా. అమ్మేస్తాను." ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. అన్నిటికీ నవ్వే పిల్ల నవ్వకపోతే తల్లికి తెలుస్తుంది.

ముప్ఫై గౌన్లకీ గుడ్డ కత్తిరించడం జులైలోనే అయింది. పక్కలు కలిపి కుట్టడం ఆగస్టు సగానికి అయింది. ఇక మిగిలినవి కుచ్చులు, నడుం పట్టీలు, అంచులు. తొమ్మిది గౌన్లు పూర్తయి తీగ మీద వేలాడాయి కూడా. మిస్ ఐసీ సంతలో ఉల్లికాడలు అమ్ముతూ అడగనివాళ్లకి కూడా ఆ సంగతి చెప్పింది.

తర్వాత ఆమె చేసిన పని ఆ కొండల్లో ప్రతి తల్లీ చేసేదే. ఆగస్టు చివర, బడి తెరిచే ముందు, పిల్లల కడుపు కడగాలి. సునాముఖి ఆకు, చేదు తీగ సెరసీ, అల్లం, ఉప్పు మందు వేసి మరిగించి తాగిస్తారు. వేసవంతా తిన్న మామిడికాయలూ మట్టీ పోయి బుర్ర తేటపడుతుందని. డోరెట్ బడి మానేసి ఇరవై ఏళ్లు దాటినా మిస్ ఐసీ ఏ ఆగస్టూ వదల్లేదు. ఈ ఏడు ఇంకాస్త ఎక్కువ మరిగించింది. నాలుగు నెలలుగా లోపలికి పోతున్న ఆ మాత్రలు రక్తంలో పేరుకుని ఉంటాయి కదా.

"ఈ వారం మాత్ర ఆపు," అని కూతురికి చెప్పింది. "లోపల ఒకటి తోస్తుంటే ఒకటి లాగితే ఎట్లా? కడిగాక మళ్లీ మొదలుపెడుదువు గానీ."

డోరెట్ శుక్రవారం తాగింది. శని, ఆదివారాలు పెరటికీ ఇంటికీ మధ్యే గడిచాయి. సోమవారం లేచింది, మిషను ముందు కూర్చుంది, గౌను అంచు మడుస్తూ కిటికీ తెర చిరిగిందని చూసింది. సాయంత్రానికి ఇంట్లో నాలుగు కిటికీలకీ కొత్త తెరలు, అంచుకి గవ్వల కుట్టు. గౌన్లు మాత్రం తొమ్మిదే.

మంగళవారం పొద్దున డోరెట్ ఆసుపత్రికి రావాల్సిన రోజు. రాలేదు. మధ్యాహ్నం మూడింటికి నర్సే కొండెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి ముందు తెరలు చూసింది, తర్వాత నీలం గుట్ట చూసింది, ఆ గుట్ట మధ్య నేల మీద కూర్చుని మొహం కప్పుకున్న డోరెట్‌ని చూసింది.

"తెరలు బాగున్నాయి," అంది.

"నవ్వకండి, నర్సమ్మా. అయిపోయింది. ఇరవై ఒకటి మిగిలాయి. మిషను ఎవరైనా కొంటారేమో చూడండి."

"మాత్ర ఎప్పుడు ఆపావు?"

డోరెట్ తల్లి వైపు చూసింది. మిస్ ఐసీ కర్ర పట్టుకుని నిటారుగా నిలబడింది. "నేనాపించాను. కడుపు కడిగాను. మా అమ్మ నాకు కడిగింది, వాళ్లమ్మ మా అమ్మకి కడిగింది. నీ తల్లి నీకు కడగలేదా?"

"ప్రతి ఆగస్టూ. ముక్కు మూసి పోసేది."

"మరి?"

"మరి ఇప్పుడు నేను కడుక్కోను. ఈ మాత్ర రక్తంలో పేరుకోదు, మిస్ ఐసీ. పొద్దున వేసుకున్నది ఆ రోజుకే, రాత్రికల్లా దాని పని అయిపోతుంది. మీరు కడిగినదాంట్లో మందు లేదు. బిడ్డ ఒంట్లో నీళ్లూ, నాలుగు రోజులూ పోయాయి."

"అంటే నేను దీన్ని చెడగొట్టానంటావ్?"

"మంచి చెయ్యాలనే చేశారంటాను. నన్ను అడక్కుండా చేశారంటాను. ఇంకోసారి అడగండి. తిట్టడానికైనా సరే, అడగండి."

మిస్ ఐసీ నోట్లో జవాబులు నాలుగు సిద్ధంగా ఉన్నాయి. నర్సు ఒక్కదాని కోసం కూడా ఆగలేదు. డోరెట్ పక్కన కూర్చుని రక్తపోటు చూసింది, నాలుక చూసింది, పెద్ద గ్లాసుతో కొబ్బరినీళ్లు తాగించింది. "రేపు పొద్దున అరటికాయ జావ తాగి మాత్ర వేసుకో. తగ్గించొద్దు, పెంచొద్దు, ఎప్పటిలాగే ఒకటి." తర్వాత వేరే ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది: "మెర్ల్ పిన్ని దగ్గర కుట్టు నేర్చుకున్నావు కదా. అప్పుడు గౌన్లు పూర్తయ్యేవా?"

డోరెట్ ఆలోచించింది. "అయ్యేవి. అక్కడే అయ్యేవి, ఇంట్లో అయ్యేవి కావు."

"పిన్ని ఏం చేసేది?"

"ఏం చెయ్యదు. పక్కన కూర్చుని పప్పు కాయలు వలిచేది."

"మాట్లాడేదా?"

"మా మెర్ల్‌కి మాటలెక్కడివి? అది బెల్లం కొట్టిన రాయి," అంది మిస్ ఐసీ.

నర్సు వసారాలోకి చూసింది. తోటలో కోసిన, మసాలాకి వాడే పిమెంటో కాయలు బుట్టెడు ఉన్నాయి, తొడిమలు తియ్యాల్సినవి. బుట్ట లోపలికి లాక్కొచ్చి మిషను పక్కన పీట వేసుకుని కూర్చుంది. "డోరెట్, నాకు ఐదున్నర దాకా పనేం లేదు. ఈ కాయలు బాగు చేస్తాను. నువ్వు ఒక గౌను తీసుకో. ఒక్కటే. మిగిలినవి అమ్మ పక్క గదిలో పెడుతుంది."

మిస్ ఐసీ గుట్టనెత్తుకుపోయింది. తిరిగొచ్చేసరికి గదిలో రెండే చప్పుళ్లు: మిషను చప్పుడు, గిన్నెలో కాయలు రాలే చప్పుడు. నర్సు తల ఎత్తదు. అది తప్పని, ఇది ఒప్పని అనదు. ఒకసారి డోరెట్ లేచి కిటికీ దాకా వెళ్లింది. మిస్ ఐసీ నోరు తెరవబోయింది, నర్సు వేలు చూపించింది, అంతే. డోరెట్ కిటికీలోంచి కాసేపు చూసి, తనంతట తనే వచ్చి కూర్చుంది.

మొదటి గౌను తీగ మీదకి ఎక్కింది. నర్సు ఏమీ అనకుండా పక్క గదిలోంచి రెండోది తెచ్చి అందించింది. తర్వాత మూడోది. మాత్ర లేదు, తిట్టు లేదు, బతిమాలడం లేదు. డెబ్బై మూడేళ్ల జీవితంలో మిస్ ఐసీ ఎన్నో మంత్రగాళ్ల పనులు చూసింది. ఇంత చవకైన మంత్రం చూడలేదు.

ఐదున్నరకి నర్సు చేతులు దులుపుకుని లేచింది. పిమెంటో వాసన గదంతా నిండింది. తీగ మీద పన్నెండు గౌన్లు.

"పద్దెనిమిది మిగిలాయి," అంది. "రేపూ ఎల్లుండీ ఎనిమిదేసి. శుక్రవారం పొద్దున రెండు, ఇస్త్రీ. మాత్ర ఉంటుంది, కాబట్టి ఈ రోజుకంటే తేలిక. మధ్యాహ్నానికి మిసెస్ లెయింగ్ బల్ల మీద ఉంటాయి."

డోరెట్ తీగ వైపు చూస్తోంది, వేళ్లతో లెక్కపెడుతూ. "మీరు రేపు వస్తారా, నర్సమ్మా?"

"నాకు ఆసుపత్రి ఉంది. నీలాంటివాళ్లు గేటు బయట చాలామంది ఎదురు చూస్తుంటారు." నర్సు పీటని కాలితో మిస్ ఐసీ వైపు తోసింది. "పీట ఉంది. బుట్టలో ఇంకా సగం కాయలున్నాయి. మనిషి కూడా ఉంది."

మిస్ ఐసీ పీట వైపు చూసింది, అది కరుస్తుందేమో అన్నట్టు. "కూర్చోవడమేగా? అదెంత పని. కుట్టు వంకర పోతే చెప్తాను, నిద్రొస్తే తడతాను..."

"చెప్పొద్దు, తట్టొద్దు. కిటికీ దగ్గరికి పోతే పోనివ్వండి, అదే వస్తుంది. మీ పని మీది, దాని పని దానిది." నర్సు సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాటబోతూ ఆగింది. "మిస్ ఐసీ, మిమ్మల్ని నేనింతవరకూ ఏ పనీ చెయ్యమని అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా, రోజూ పొద్దున ఎనిమిది నుంచి, మీ కూతురి పక్కన కూర్చోండి, నోరు విప్పకుండా."